లాకప్ అనలేక లాక్ అన్నాను

మోటారు పని నేర్చుకునే కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. మీ కాలంలో మిషన్లు, మీటర్లు లేవు కదా, బండిలో రోగం ఎలా కనిపెట్టేవాళ్లని అడుగుతారు. దానికి గొప్పగా చెప్పుకోదగిన కథలు నా దగ్గర లేకపోలేదు. పెళ్లిళ్లలో, చావుల దగ్గర కలిసినప్పుడు అవన్నీ చెప్పేశాను. ఇక్కడ రాస్తున్నది వాటి గురించి కాదు. నా చేత్తో చాలా బాగా చేసిన ఒక పని గురించి, దాని వల్ల నాకు వచ్చిన మంచి పేరు గురించి. ఆ పేరు తలచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

విఠల్ రావు షెడ్డు

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు నేను వికారాబాద్‌లో విఠల్ రావు షెడ్డులో చేరాను. అప్పటికే హైదరాబాద్‌లో కొంత పని నేర్చుకుని ఉన్నాను. ఇంగ్లీషు పుస్తకం కూడబలుక్కుని చదవగలను. ఆ కాస్తకే నా నడక మారిపోయింది. విఠల్ రావు చదువుకోలేదు. మనిషి మొరటు, కోపమొస్తే పానా విసిరేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న మంచి ఒక్కటే, దాన్నే నేను అవసరమైనప్పుడు మరిచిపోయాను.

చేరిన కొత్తలో మర్పల్లి నుంచి జొన్నల లారీ ఒకటి వచ్చింది. డ్రైవరు "బండి పట్టుకుంటున్నది" అన్నాడు. బ్రేకులు పట్టుకుంటున్నాయని నేను పొద్దున్నుంచి నాలుగు చక్రాలూ విప్పి పెట్టాను. బ్రేకులు కొత్త పెళ్లికొడుకుల్లా ఉన్నాయి. విఠల్ రావు వచ్చి, డ్రైవరును పిలిచి, "ఎప్పుడు పట్టుకుంటది?" అని అడిగాడు.

"ఎండెక్కినంక. గడ్డ ఎక్కుతాంటే దగ్గినట్టు చేసి పట్టుకుంటది పటేలా."

పెట్రోలు వేడెక్కి ఇంజనుకు అందడం లేదు. అంతే సంగతి. విఠల్ రావు నా వైపు తిరిగి, "రెండు మాటలు అడిగితే తెలిసేదానికి నాలుగు చక్రాలు ఇప్పినవ్. వాని మాట వానికి ఏం అర్థమో ముందుగాల అడుగు, ఎన్కసిరి పానా పట్టు" అన్నాడు. అందరి ముందు అన్నాడని నాకు రోషం వచ్చింది. మాట మాత్రం మనసులో పెట్టుకున్నాననే అనుకున్నాను.

నూనె మీద నడిచే కారు

తాండూరులో చెన్నప్ప సేఠుకు బండల గనులుండేవి. జాగీర్లు పోయాక హైదరాబాద్‌లో నవాబుల ఇళ్ల నుంచి పెద్ద పెద్ద కార్లు అమ్మకానికి వచ్చాయి. సేఠు అందులో ఒక అమెరికా కారు కొన్నాడు. దానికి క్లచ్చి లేదు, గేర్లు మార్చే పని లేదు. తాండూరు బజారులో అది ఆగితే జనం లోపలికి తొంగి చూసి, డ్రైవరు ఎడమ కాలికి పనేం లేదా అని నవ్వేవాళ్లు.

ఆ డ్రైవరు ఖాజా మియా. నాకంటే పదేళ్లు పెద్ద. అంతకు ముందు సేఠు లారీలు నడిపేవాడు. నెమ్మదస్తుడు. తాండూరు పక్కన కన్నడం మాట్లాడే ఊళ్లలో కన్నడం, ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడేవాడు. బండి తలుపు కూడా గట్టిగా వేసేవాడు కాదు.

ఆ కారుకు రెండు బాధలుండేవి. మొదటిది, బండి ఆపాక చక్రాలు కదలకుండా గేర్ బాక్సులో పట్టి ఉంచే పన్ను ఒకటి ఉంటుంది. అది విరిగిపోయింది. ఆ సామాను హైదరాబాద్‌లోనే కాదు, బొంబాయిలో కూడా దొరకలేదు. హ్యాండ్ బ్రేకు అంతంత మాత్రం. "ఏటవాలులో ఆపితే చక్రం కింద రాయి పెట్టు" అని ఖాజా మియాకు చెప్పాను. ఆయన గనిలో మంచి మందమైన బండ ముక్క ఏరి, అంచు ఏటవాలుగా చెక్కించి, గోనెపట్టా చుట్టి డిక్కీలో పెట్టుకున్నాడు. ఎక్కడ ఆగినా ముందు ఆ రాయి దిగేది, తర్వాత సేఠు దిగేవాడు.

రెండో బాధ నాకు నచ్చిన బాధ. ఇలాంటి కారులో ఇంజనుకూ గేర్ బాక్సుకూ మధ్య నూనె ఉంటుంది. ఎదురెదురుగా రెండు పంకాలు. ఇంజను ఒక పంకాను తిప్పితే, అది తోసిన నూనె తగిలి రెండోది తిరుగుతుంది. నూనె కాబట్టి కొంత జారుతుంది. బండి వేగం అందుకున్నాక ఆ జారుడు లేకుండా ఒక ప్లేటు రెంటినీ కలిపి బిగించేస్తుంది. దాన్నే లాకప్ అంటారు. అమెరికా రోడ్ల మీద అది తనంతట తాను పడుతుంది, తనంతట తాను వదులుతుంది. మన తాండూరు రోడ్డు మీద ఎద్దుబండి అడ్డం వస్తే వదిలేది, పక్కకు జరిగితే పట్టేది, మేకల మంద వస్తే మళ్లీ వదిలేది. పట్టినప్పుడల్లా కుదుపు. గడ్డ మీది ఎత్తు ఎక్కేటప్పుడు ఎటూ తేల్చుకోలేక జారి జారి నూనె మాడిన వాసన వచ్చేది.

ఆ పని బండి చేతిలోంచి తీసి డ్రైవరు చేతికి ఇద్దామనుకున్నాను. ప్లేటుకు నూనె పంపే వాల్వు దగ్గరి నుంచి ఒక తీగ లాగి, స్టీరింగు కింద ఒక గుండీ బిగించాను. గుంజితే ప్లేటు పడుతుంది, లోపలికి నూకితే వదులుతుంది. వికారాబాద్ నుంచి అనంతగిరి గడ్డ మీదికి నేనే నడిపి చూశాను. కుదుపు లేదు, వాసన లేదు. దిగేటప్పుడు ఇంజను బండిని చక్కగా పట్టి ఉంచింది. విఠల్ రావు చుట్టూ తిరిగి చూసి, నాకు చాయ్ తెప్పించాడు. ఆయన నాకు చాయ్ తెప్పించడం అదే మొదలు. ఆ రోజు నాకంటే గొప్ప మిస్త్రీ నిజాం రాజ్యంలో పుట్టలేదనుకున్నాను.

ఒక సగం మాట

మర్నాడు ఖాజా మియా కారు తీసుకుపోవడానికి వచ్చాడు. గుండీ చూసి వేలితో ముట్టుకున్నాడు.

"గిదేంది మిస్త్రీ సాబ్?"

"లాకప్ గుండీ," అన్నాను.

ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. నాకు అప్పుడు గుర్తొచ్చింది. పోలీసు చర్య అయిన కొత్తలో, రజాకార్లతో తిరిగాడని ఎవరో వేలు చూపిస్తే ఖాజా మియాను పట్టుకుపోయారు. ఆయన ఎవరితోనూ తిరగలేదు, సేఠు లారీ తప్ప ఆయనకు వేరే లోకం లేదు. సేఠు పోయి మాట్లాడి విడిపించేదాకా లోపలే ఉన్నాడు. అక్కడేం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. వచ్చాక చాలా కాలం కుడి చెయ్యి పైకి లేపలేకపోయేవాడు. మా ఊళ్లలో లాకప్ అంటే ఒకటే అర్థం.

"గా పేరెందుకు పెట్టిన్రు సాబ్ దీనికి?" అన్నాడు మెల్లగా.

నాకు సిగ్గేసింది. తప్పు మాట అన్నవాడిలా తొందరపడ్డాను. "లాకప్ కాదులే, లాక్. లాక్ అను, గంతే. గుంజితే లాక్ అయితది, నూకితే ఖుల్లా అయితది."

ఆయన ముఖం తేటపడింది. "లాక్. గిది మంచిగున్నది."

తర్వాత ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బండి నిలబడి ఉండగా, ఇంజను నడుస్తుండగా గుండీ గుంజి చూపించాను. బండి ఒక్క ఊపు ఊగి, ఇంజను ఆగిపోయింది. "సూసినవా? నిలబడ్డప్పుడు గుంజితే గిట్లయితది," అన్నాను. అలా చెయ్యకూడదని నా ఉద్దేశం. చెయ్యకూడదని మాత్రం నోటితో అనలేదు. బండి గట్టిగా పట్టుకుందని ఆయనకు అర్థమైంది. అంతకు ముందు నెలంతా పన్ను విరిగింది, బండి లాక్ కావడం లేదు అని నా ప్రాణం తీసిన మనిషికి, లాక్ పెట్టాను అని చెబితే ఇంకేం అర్థమవుతుంది?

ఆయన దిగి డిక్కీ తెరిచాడు. గోనెపట్టా చుట్టిన ఆ రాయిని రెండు చేతులతో ఎత్తి తెచ్చి షెడ్డు తలుపు పక్కన పెట్టాడు.

"ఇగ దీంతోని పని లేదు కద సాబ్," అన్నాడు.

నేను నవ్వాను. నా పనిని మెచ్చుకుంటున్నాడనుకున్నాను. మెచ్చుకోలు వినిపిస్తున్నప్పుడు మనిషి చెవులు ఇంకేమీ వినవు. వాని మాట వానికి ఏం అర్థమో అడగమన్న విఠల్ రావు అక్కడే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

అనంతగిరి మలుపు

కొన్ని వారాలకు సేఠు తన తల్లిని తీసుకుని అనంతగిరి గుడికి వెళ్లాడు. నేను అక్కడ లేను. ఖాజా మియా, సేఠు, ఆ పెద్దావిడ చెప్పగా విన్నదే రాస్తున్నాను.

గుడికి పోయే దారిలో ఏటవాలులో కారు ఆపారు. పెద్దావిడకు మోకాళ్ల నొప్పులు. జనం తగ్గాక దిగుతానని వెనక సీట్లోనే కూర్చుంది. సేఠు ముందు నడిచాడు. ఖాజా మియా గుండీ గుంజాడు. బండి ఊగి ఇంజను ఆగింది. హ్యాండ్ బ్రేకు కూడా లాగాడు. దిగి, అలవాటు కొద్దీ వెనక నుంచి చెయ్యి వేసి గుంజి చూశాడు. కదల్లేదు. పెద్దావిడ నీళ్లడిగితే తేవడానికి వెళ్లాడు.

బండి ఎందుకు నిలబడిందో మీకు చెప్పాలి. ఇంజను ఆగినా గేర్ బాక్సులో నూనె వత్తిడి వెంటనే పోదు. కాసేపు ప్లేటూ, గేరూ పట్టే ఉంటాయి. తర్వాత నూనె మెల్లగా దిగిపోతుంది, అన్నీ వదిలేస్తాయి. అదే ఆ గుండీ చేసిన మోసం. పరీక్ష చేసినంత సేపు నిలబడింది.

నీళ్ల చెంబుతో తిరిగి వస్తున్న ఖాజా మియాకు కారు వెనక్కి జారడం కనిపించింది. కింద మలుపు, మలుపు పక్కన లోయ. ఆయన చెంబు పడేసి పరుగెత్తి, కారు వెనక భుజం ఆనించాడు. అంత బరువు ఒక్క మనిషికి ఆగుతుందా? కారు ఆయన్ను తోసుకుంటూ పోయి, మలుపు అంచున కట్టిన రాతి దిమ్మెకూ తనకూ మధ్య ఆయన కాలును ఇరికించి ఆగింది. పెద్దావిడకు దెబ్బ తగల్లేదు. చక్రం కింద రాయి లేని చోట ఆ మనిషి కాలు పెట్టాల్సి వచ్చింది.

ఎముక రెండు చోట్ల విరిగింది. అతికింది కానీ, వంకరగా అతికింది. ఆ కాలు తర్వాత ఏ బండి బ్రేకు మీదా సరిగా ఆనలేదు.

ఎవరూ నమ్మని నిజం

మర్నాడే తాండూరు వెళ్లాను. తప్పు దాచుకోలేదు, ఆ మాట ముందే చెబుతున్నాను. దాచుకుని ఉంటే ఈ కథ ఇంకా చిన్నదై ఉండేది.

సేఠు కోపంతో ఊగిపోతున్నాడు. "మా అవ్వను సంపుతుండె. హ్యాండ్ బ్రేకు మరిసి తిరగబోయిండు. ఇగ వాడు నా గడప తొక్కొద్దు."

"సేఠూ, తప్పు ఖాజా భాయ్‌ది కాదు. నాది," అన్నాను. గుండీ సంగతి, నేను చెప్పిన మాట, రాయి దించిన సంగతి, అన్నీ చెప్పాను. రాయి దగ్గర నేను నవ్విన సంగతి కూడా చెప్పాను.

ఆయన అంతా విన్నాడు. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "నాకు తెలుసప్పా. గరీబోని నౌకరి పోతదని నీ మీద ఏసుకుంటున్నవ్. గిసొంటి పెద్దమనుషులు ఇప్పుడు ఏడున్నరు?"

"ఒట్టు సేఠూ, నిజమే చెబుతున్న."

"నిజమైతే గిట్ల ఎవడన్న వచ్చి చెప్పుకుంటడా?" అని నవ్వాడు.

చదువుకున్నవాడు తప్పు చెయ్యడు, చేస్తే ఒప్పుకోడు. డ్రైవరు మరిచిపోతాడు, ఎప్పుడూ మరిచిపోతూనే ఉంటాడు. ఇది ఆయనకు తెలిసిన లోకం. అందులో నా మాటకు చోటు లేదు. ఖాజా మియాకు చికిత్స మాత్రం సేఠే చేయించాడు. నౌకరి ఇవ్వలేదు.

విఠల్ రావుకు చెబితే, "అయ్యిందేదో అయ్యింది. మళ్ల గా ముచ్చట బజార్ల తియ్యకు" అన్నాడు. దవాఖానాలో ఖాజా మియా దగ్గర కూర్చుని చెప్పబోతే, ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "సేఠు చెప్పిండు సాబ్. నా కోసం మీ ఇజ్జత్ ఎందుకు పోగొట్టుకుంటరు? హ్యాండ్ బ్రేకు సరిగ గుంజలేదు నేను. నా గలతీ." ఆయన కాలి కట్టులోంచి రక్తం మరక కనిపిస్తోంది. ఇంకోసారి గట్టిగా చెప్పాల్సింది. నొప్పిలో ఉన్నాడు, తర్వాత చెబుదాం అనుకున్నాను. ఆ ‘తర్వాత’ అన్నది చాలా పొడుగు సాగింది.

ఇక్కడి నుంచే నాకు అసలు సిగ్గు. సేఠు ఆ ముచ్చట తాండూరంతా చెప్పాడు. డ్రైవరు కోసం తప్పు తన మీద వేసుకున్న మిస్త్రీ అని నాకు పేరు వచ్చింది. గనుల లారీలన్నీ మా షెడ్డుకే రావడం మొదలైంది. కుల్కచర్ల నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. మొదట్లో ఎవరన్నా ఆ మాట ఎత్తితే కాదు కాదు అనేవాణ్ని. కాదన్న కొద్దీ నా అణకువను మెచ్చుకున్నారు. తర్వాత కాదనడం మానేశాను. ఇంకొంత కాలానికి, ఎవరన్నా ఆ మాట ఎత్తకపోతే వెలితిగా అనిపించేది. నా గురించి నేను రాయగలిగిన అన్నింటికంటే అసహ్యమైన వాక్యం ఇదే.

పని నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఏమిటంటే, చేతిపని బాగా వచ్చినవాళ్లకు నోటిపని చులకన. గుండీ నేను చక్కగానే బిగించాను. ఇప్పటికీ ఆ తీగలో, ఆ వాల్వులో తప్పు పట్టలేరు. కానీ నడిపేవాడికి అది ఏం చేస్తుందో చెప్పడం ఒక పని, ఏం చెయ్యదో చెప్పడం ఇంకో పని. రెండోది చెప్పనంత వరకు బండి మీ చేతిలోనే ఉంది, తాళం చెవి ఇచ్చినా సరే. ఎదుటి మనిషి మనసు నొవ్వకూడదని మాట కత్తిరిస్తే, కత్తిరించిన చోట ఏం మిగిలిందో కూడా చూసుకోండి. నేను ఆయన్ను ఒక మాట నుంచి కాపాడదామనుకున్నాను.

నవాబుపేట

పందొమ్మిది వందల అరవైల్లో ఒకసారి పని మీద నవాబుపేట వెళితే బస్సు దిగిన చోటే ఖాజా మియా కనిపించాడు. సైకిళ్ల పంక్చర్లు వేసుకుంటున్నాడు. కుడికాలు పక్కకు చాపుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నా లేచాడు. అక్కడున్న వాళ్లకు చెప్పాడు: "గీ సాబ్ నా కోసం అబద్ధమాడిండు. సేఠు ముంగట తప్పు తన మీద ఏసుకున్నడు. గిసొంటి ఇన్సాన్ దొరకడు."

దుకాణం వెనకే ఇల్లు. లోపలికి తీసుకుపోయాడు. ఆయన భార్య రజియా భాభీ గడప దగ్గర నుంచే సలాం చెప్పి, చాయ్ తెచ్చి నా ముందు పెట్టింది. ఇంట్లో ఉన్న మంచి గ్లాసు నాకు, సొట్ట గ్లాసు ఆయనకు. నాకు ఆ గ్లాసు ముట్టుకోబుద్ధి కాలేదు.

"ఖాజా భాయ్, నేను అబద్ధమాడలే."

"గట్లనే అంటరు మీరు," అని నవ్వాడు.

"ఒక్కటి అడుగుత, యాది చేసుకో. షెడ్డు కాడ రాయి దించినవ్ కద. దించి ఏమన్నవ్?"

"ఇగ దీంతోని పని లేదు కద సాబ్ అన్న."

"నేనేమన్న?"

"మీరేమనలే. నవ్విన్రు."

"ఎందుకు దించినవ్ రాయి?"

"లాక్ పెట్టిన్రు కద. పన్ను ఇరిగిందానికి బదులు..."

"గా గుండీ బండిని ఆపేది కాదు భాయ్. ఎన్నడూ కాదు. నడిచేటప్పటి పని దానిది. నీకు లాకప్ అంటే బాధైతదని నేను సగం మాట చెప్పిన. రాయి దించుతుంటే సూసిన, అడగలే."

బయట ఎవరో సైకిలు పట్టుకొచ్చి పిలిచారు. ఆయన తన కాలు వైపు చూసుకున్నాడు, కొత్తగా చూస్తున్నవాడిలా. నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆయన తిట్టలేదు. చాలా మెల్లగా అడిగాడు.

"నమాజ్ అయినంక దినాం తౌబా చేసుకుంటున్న సాబ్. గా ముసలవ్వ పానం నా బేఫికరీతోని పోతుండె, మాఫ్ చెయ్ అల్లా అని. ఒక్క దినం తప్పలే. ఇన్నేండ్ల సంది నేను అడుక్కున్న మాఫీ ఎవరిది సాబ్? మీదా?"

నేను తల ఊపాను.

రజియా భాభీ గడప దగ్గరే నిలబడి అంతా విన్నది. లోపలికి వచ్చి భర్త ముందున్న సొట్ట గ్లాసును ఆయన చేతికి అందించింది. నా ముందున్న గ్లాసు, ముట్టుకోనిది, తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ తేలేదు. నేను చెప్పిన నిజానికి తగినట్టు నన్ను చూసిన మొదటి మనిషి ఆమె.